వలదను హక్కు - ఊరి క్షేమము
(రావివలసలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రావివలసకు వచ్చి ఎండల మల్లికార్జునుని తలంపకుండ మాట ఆరంభించుట ఎవరికిని సాధ్యము కాదు. పైకప్పు లేక ఎండకును వానకును నిలిచియుండు ఆ స్వామి కథ నాకంటె మీకే బాగుగా తెలియును. లంకనుండి మరలివచ్చు శ్రీరాముడు ఇచ్చటి జనులు రోగపీడితులై యుండుట చూచి, వానరవైద్యుడైన సుషేణుని ఇచ్చట నిలిపెననియు, ఆయన ఈ కొండమీదనే తపస్సు చేసి దేహము చాలించెననియు, ఆ దేహముపై మల్లెపూలు కప్పిన తావున లింగము వెలసెననియు పెద్దలు చెప్పుదురు. స్వామిని తాకివచ్చు గాలి రోగములను మాన్పునని ఈ చుట్టుపట్టుల నమ్మకము. ఒక వైద్యుని కథతో ముడిపడిన ఊరిలో వైద్యమునుగూర్చి మాటలాడుమని నన్ను పిలుచుట నాకు సంతోషము. అయితే నేడు నేను వైద్యము చేయువానినిగూర్చి గాక, వైద్యము వలదనువానినిగూర్చి చెప్పదలచితిని. సుషేణుడు ఎవరి తలుపైనను విరుగగొట్టి నోటిలో మందు పోసినట్లు స్థలపురాణములో లేదు గదా!

ముందుగా నా తప్పు ఒకటి చెప్పవలెను. 2021 చివరి నెలలలో కోవిడ్ టీకాలు గ్రామములకు విరివిగా చేరుచున్న దినములవి. సముద్రతీరమున ఒక గ్రామములో టీకా వేయించుకొననివారు ఇంకను కొందరు మిగిలియుండిరి. లక్ష్యము పూర్తి కావలెనను తొందర అందరికిని ఉండెను. "టీకా వేయించుకొననివారికి పింఛను, రేషను నిలిచిపోవును" అని దండోరా వేయించిరి. ఆ దండోరా మాటలు కూర్చినది నేనే. ప్రచారపు పనిలో పదునెనిమిదేండ్లు గడపినవాడను. నాలుగు మాటలలో భయము పుట్టించుట నాకు కష్టము కాదు.

మరునాడు డెబ్బది యేండ్ల ముసలమ్మ ఒకతె ఇల్లు విడిచి జీడితోటలో చేరెను. రెండు రాత్రులు అక్కడనే గడపెను. ఆమెను వెదకి కనుగొన్నది ఆ ఊరి ఆశా కార్యకర్త. "మామ్మా, సూదికి భయమా?" అని అడిగినది. "సూదికి కాదమ్మా! మా పెద్దోడు కిడ్నీ జబ్బుతో పోనాడు. నాకూ ఆ జబ్బుందన్నారు. కిడ్నీ జబ్బున్నోల్లు ఆ సూదేస్తే బతకరంట. పింఛను పోతే పోనీ, ఉన్న నాలుగు దినాలూ బతకనీ" అని ఆమె జవాబు.

ఆ వదంతి ఊరంతయు తిరుగుచుండెను. దానికి జవాబు చెప్పినవారు ఒక్కరును లేరు. మేమందరము దండోరా వేయించుటలో మునిగియుంటిమి. ఆ ఆశా కార్యకర్త ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని వెంటబెట్టుకొని వచ్చినది. ఆయన ముసలమ్మ రక్తపోటు చూచి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి కోవిడ్ సోకినచో ప్రమాదము మరింత ఎక్కువయనియు, కనుక టీకా వారికే ముందు కావలెననియు చెప్పి, "వేయించుకొనుటయు మానుటయు నీ ఇష్టము" అని వెడలిపోయెను. మరుసటి వారము ఆమె తానుగా వచ్చి వేయించుకొనెను. ఆమె పింఛను ఒక్క నెలయు ఆగలేదు. ఆపు అధికారము ఎవరికిని ఉండలేదు. నేను వ్రాసినది అబద్ధము.

అదే ఊరిలో వల కుట్టుకొను ఒక మనిషి ఎవరెంత చెప్పినను వినలేదు. నేటికిని వేయించుకొనలేదు. అతని సంగతి కూడ మీరు మనసులో ఉంచుకొనవలెనని కోరుచున్నాను; ముసలమ్మవంటివారి కథలు చెప్పి చప్పట్లు కొట్టించుకొనుట సులభము.

ఈ తగవు కోవిడ్‌తో పుట్టినది కాదు. మన తాతముత్తాతల కాలమున మశూచి వచ్చినచో "అమ్మవారు పోసినది" అనెడివారు. టీకాలవాడు ఊరిలో అడుగుపెట్టుచున్నాడనిన, పిల్లలను గాదెలచాటున దాచు తల్లులుండెడివారు. వారిని మూఢులని వెక్కిరించుట తగదు. ఆనాటి టీకా నేటి సూదివంటిది కాదు. చేతిమీద గాటు పెట్టి, పుండు చేసి, జ్వరము తెచ్చునది. అయినను దానివలననే మశూచి లోకమునుండి మాయమైనది. మన దేశమున చివరి కేసు 1975 మే నెలలో కనబడినది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి భూమిపై లేదని ప్రకటించినది. ఏబదియేండ్లు దాటినవారి భుజముమీద ఆ మచ్చ నేటికిని చూడవచ్చును. ఆ విజయమున బలవంతపు పాలు కూడ కొంత కలదు. చివరి రోజులలో బీహారువంటి రాష్ట్రములలో తలుపులు త్రోసి, మనుషులను పట్టుకొని టీకాలు వేసిన సంఘటనలు వ్రాతలలో నిలిచియున్నవి. పని నెరవేరినది, నిజమే. ఆ అవమానము మరచినవారు తక్కువ.

అంతకు పూర్వము మరియొక గుణపాఠము జరిగినది. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టి పూనాకు ప్రాకినది. 1897లో అంటువ్యాధుల చట్టము వచ్చినది. ఆ చట్టము రెండు మూడు పుటలకు మించని చిన్న చట్టము. అధికారము మాత్రము కొండంత. పూనాలో సైనికులు ఇండ్లలో జొరబడి, పడకగదులలో దేవుని గదులలో వెదకి, రోగులని అనుమానము కలిగినవారిని శిబిరములకు తరలించిరి. ఆ పనికి అధికారియైన ర్యాండ్‌ను 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు తుపాకితో కాల్చిరి. అదే సంవత్సరము జనవరిలో బొంబాయిలో హాఫ్కిన్ అను శాస్త్రవేత్త తాను తయారుచేసిన ప్లేగు టీకాను మొట్టమొదట తన శరీరముననే గ్రుచ్చుకొనెను. తరువాతనే ఇతరులు ముందుకు వచ్చిరి. ఈ రెండింటిలో ఏది మన ఊళ్ళలో చెల్లునో మీకు చెప్పనక్కరలేదు. ఆ 1897 చట్టము క్రిందనే 2020 మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వము కోవిడ్ నిబంధనలు చేసినది.

ఇంగ్లండు దేశమును కూడ ఒక్కమారు చూడుడు. 1853లో అచ్చట శిశువులకు మశూచి టీకా తప్పనిసరి చేసిరి, వేయించనివారికి జరిమానాలు. 1885లో లెస్టర్ పట్టణమున వేలాది జనులు వీథులకెక్కిరి. ఆ పట్టణమువారు రోగము కనబడగనే తెలియజేయుట, రోగిని వేరుంచుట, ఇల్లు శుభ్రపరచుట అను మార్గము పట్టిరి. తుదకు 1898లో మనస్సాక్షి ఒప్పుకొననివారికి మినహాయింపు ఇచ్చుచు చట్టము మార్చిరి. లెస్టర్ మార్గము అన్ని రోగములకును చాలునని నేననను. రోగిని వేరుంచుట కూడ స్వేచ్ఛకు కళ్ళెమే. అయినను, సూది యొక్కటియే దారి కాదని వారు చూపిరి.

ఇక మన దేశపు న్యాయమేమి చెప్పుచున్నది? 2022 మే 2న సుప్రీంకోర్టు జాకబ్ పులియెల్ కేసులో తీర్పు ఇచ్చినది. రాజ్యాంగపు 21వ అధికరణము ప్రకారము మనిషి దేహము అతనిది, ఎవరికిని బలవంతముగా టీకా వేయరాదు అనినది. అంతటితో ఆగలేదు. సమాజ ఆరోగ్యము కొరకు ప్రభుత్వము సహేతుకమైన పరిమితులు విధింపవచ్చుననియు, అవి అవసరమునకు తగినంతయే ఉండవలెననియు చెప్పినది. ఆ సమయమునకు కోవిడ్ తగ్గియుండెను; టీకా వేయించుకొన్నవారికంటె వేయించుకొననివారే రోగమును ఎక్కువగా వ్యాపింపజేయుదురని చూపు ఆధారములు కోర్టు ముందుకు రాలేదు. కనుక సంఖ్యలు తక్కువగా ఉన్నంతకాలము టీకా లేనివారిని బహిరంగ స్థలములనుండి ఆపరాదని సూచించినది. టీకా వలన కలుగు దుష్ఫలితముల వివరములు జనులకు అందుబాటులో ఉంచుమని కూడ ఆదేశించినది. ఈ చివరి మాట మా ప్రచారకులకు ముఖ్యము. "ఏమియు కాదు" అనుటకు అలవాటుపడినవారము మేము. జ్వరము రావచ్చును, చేయి నొప్పి పుట్టవచ్చును, లక్షలలో ఒకరికి పెద్ద ఆపద కలుగవచ్చును అని ముందుగా చెప్పినవాని మాటనే జనము రెండవమారు నమ్మును.

అయ్యా, ఇప్పుడు మన ఉద్దానమునకు వత్తును. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలములలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇండ్లను ఎండగట్టినదో మీ బంధువర్గములోనే మీరెరుగుదురు. ఎన్నో బృందములు వచ్చినవి. రక్తము, మూత్రము, నీరు, మట్టి తీసికొనిపోయినవి. ఇంత చేసినను కారణము ఇదియని నిస్సంశయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు కిడ్నీ పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి ఇంటింటికి నీరు తెచ్చు పథకమును అప్పుడే ఆరంభమైనది. ఇంతటి కష్టము చూచిన జనులలో "మరల రక్తమా? మునుపు తీసినదానికి ఫలితమేమి?" అని తలుపు వేసికొనువారున్నారు. ఈ నిరాకరణమును ఊరికి ద్రోహమనవచ్చునా? అనరాదు. కిడ్నీ జబ్బు ఒకరినుండి మరియొకరికి అంటునది కాదు. పరీక్ష వలదనువాడు కోల్పోవునది తన ఆరోగ్యమును మాత్రమే. అతనికి నచ్చజెప్పవలెను, తొందరగా కనుగొన్నచో డయాలిసిస్ వరకు పోకుండ జాగ్రత్తపడవచ్చునని చెప్పవలెను, మునుపటి పరీక్ష ఫలితము కాగితముపై చేతికి ఇవ్వవలెను. దానికి మించి ఎవరికిని అధికారము లేదు. పైగా ఎవరికి జబ్బున్నదో సభలో చదువరాదు. ఫలానా ఊరి పిల్ల అనగనే సంబంధము తప్పిపోవు ప్రాంతము మనది. పరీక్షకు రాని ఇంటి వెనుక పెండ్లికాని కూతురు ఉండవచ్చును.

క్షయరోగము సంగతి వేరు. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవాడు మందు వాడనిచో ఏడాదిలో పది పదునైదుమందికి ఆ క్రిమిని అంటింపవచ్చునని వైద్యులు చెప్పుదురు. మందు వాడినచో కొద్ది వారములలోనే అంటించు శక్తి బాగుగా తగ్గును. నడుమ మానినచో మందులకు లొంగని క్షయగా మారవచ్చును. ఆ మొండి క్షయయే ఇంటివారికిని అంటవచ్చును. ఇచ్చట "నా దేహము నా ఇష్టము" అనుమాటకు ఎదురుగా పక్కమంచముమీది పసిబిడ్డ ఉన్నది. అయినను 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయనుగూర్చి ఇచ్చిన నీతిసూత్రములలో, బలవంతముగా మందు మ్రింగించుట ఎన్నడును తగదనియు, ఇష్టములేనివానిని వేరుంచుట అన్ని దారులు మూసికొనిన పిమ్మట మాత్రమే చేయదగిన పనియనియు చెప్పినది.

ఇట్టి వ్యవహారము ఒక పంచాయతీలో నా కన్నులయెదుట జరిగినది. ఊరి పేరు చెప్పను. రాతి క్వారీలో పనిచేయు ఒక మనిషి రెండు నెలలు మందు వాడి, దగ్గు తగ్గగనే మానివేసెను. కొందరు సభ్యులు కోపించి, అతనిని బోరింగువద్దకు రానీయరాదనియు, రేషను దుకాణములో అందరి తరువాత ఇవ్వవలెననియు తీర్మానము వ్రాయబోయిరి. క్షయ నీటివలన అంటదు. గాలిలో, దగ్గుతో వచ్చును. ఆ తీర్మానము ఊరిని కాపాడదు, మనిషిని మాత్రము వెలివేయును. వెలి పడినవాడు రాత్రికి రాత్రి మరియొక ఊరికి పోవును, రోగముతో సహా.

ఒక వార్డు సభ్యురాలు లేచి, "ఆయన ఎందుకు మానినాడో ఎవరైనా అడిగారా?" అనినది. ఎవరును అడుగలేదు. అడుగగా తేలినదేమనగా, తెల్లవారకముందే ఖాళీ కడుపున మాత్రలు వేసికొని క్వారీకి పోవుచుండెను, ఎండలో వాంతులు, పని సాగక కూలి తెగుచుండెను. పౌష్టికాహారమునకు నెలకు రావలసిన 500 రూపాయలు బ్యాంకు ఖాతా తప్పువలన ఒక్క నెలయు చేరలేదు. వైద్యుడు రక్తపరీక్ష చేయించి, కాలేయము బాగుగనే యున్నదని చూచి, కొంచెము తిండి తినిన పిమ్మట రాత్రి వేసికొనుమనెను. పంచాయతీ కార్యదర్శి ఖాతా సరిచేయించెను. ఇంటిలోని నాలుగేండ్ల పిల్లకు నివారణ మందు ఆరంభించిరి. అతడు మరల మందు పట్టెను. మొండి మనిషియని అందరును అనుకొన్నది వాంతుల సంగతి. (ఆ 500 రూపాయలను 2024 నవంబరునుండి 1000 రూపాయలకు పెంచిరి. మీ గ్రామములో ఎవరికైనను అందనిచో కార్యదర్శిగారిని అడుగుడు.)

నిరాకరించువారందరును ఇట్లు త్రోవకు వత్తురని నేను హామీ ఇవ్వలేను. వల కుట్టుకొను మనిషి రాలేదు గదా. అతనివంటివాడు క్షయతో ఉన్నచో ఏమి చేయవలెను? అప్పుడు చట్టము ప్రకారము వైద్యాధికారి నిర్ణయింపవలెను. 1939 నాటి ప్రజారోగ్య చట్టము మన ఆంధ్ర ప్రాంతములో ఆ అధికారమును ఆరోగ్యశాఖ వారికి ఇచ్చినది. పంచాయతీ తీర్మానముతో ఎవరిని నిర్బంధింపరాదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము అంటువ్యాధుల నివారణ చర్యలను మీ విధులలో చేర్చినది. ఆ చర్యలనగా కాలువలు, బావులు, దోమలు, సమాచారము. మనిషిమీద చేయి వేయుట అందులో లేదు.

వేరుంచుట తప్పని సమయములు కూడ కలవు. 2020లో గుజరాతు తీరమున చిక్కుకొనిన మన జిల్లా మత్స్యకారులు ఏప్రిల్ చివర, మే మొదట బస్సులలో వచ్చినది మీకు జ్ఞాపకమే. నెలల తరబడి ఇంటి ముఖము చూడని మనుషులను ఇంటి గడపలోనికి పోనీయక క్వారంటైను కేంద్రములలో ఉంచిరి. వారిలో చాలమందికి ఏ రోగమును లేదు. అయినను అందులో న్యాయమున్నది. రోగము ఎవరిలో దాగియున్నదో తెలియని కాలమది. అయితే ఊరి మేలు కొరకు ఒకనిని ఆపినపుడు, అతని తిండి, పడక, మందు, ఇంటిలో పిల్లల గంజి ఊరి బాధ్యత యగును. ఆ బాధ్యత నెరవేరని చోట మనుషులు గోడలు దూకిరి. తప్పు దూకినవారిదే యని నేను అనలేను.

అదే సంవత్సరము జూన్‌లో పలాసలో ఏమి జరిగినదో చెప్పుటకు నోరు రాదు. కోవిడ్ సోకి మరణించిన ఒక పెద్దాయన దేహమును జేసీబీ తొట్టెలో వేసి శ్మశానమునకు తీసికొనిపోయిరి. బాధ్యులైన అధికారులను ప్రభుత్వము సస్పెండు చేసినది. ఆ చిత్రము చూచినవాడు తనకు జ్వరము వచ్చినచో చెప్పునా, దాచునా? రోగమును దాచుట చాల తావుల అట్టి భయములోనే పుట్టును.

సమ్మతి సంగతి మరియొకటి చెప్పవలసియున్నది. 2009లో ఖమ్మము జిల్లాలో భద్రాచలము ప్రాంతముతో సహా బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నివారణ టీకా ప్రయోగాత్మక కార్యక్రమముగా వేసిరి. అందులో గిరిజన వసతిగృహముల బాలికలు ఎందరో ఉండిరి. తల్లిదండ్రులను అడుగవలసిన తావున వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు సంతకములు చేసినట్లు తేలినది. కొందరు బాలికలు తరువాత మరణించిరి. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణ సంఘము చెప్పినది. అయినను 2010 ఏప్రిల్‌లో కార్యక్రమము ఆగినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము సమ్మతి తీసికొనిన తీరును తీవ్రముగా తప్పుపట్టినది. టీకా మంచిదే. నేడు అనేక దేశములలో అది ఆడపిల్లలను కాపాడుచున్నది. కాని ఒక్క దొంగ సంతకముతో మంచి మందు పేరు చెడినది.

పిల్లల విషయము పెద్దలకంటె చిక్కు. 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు, బడులలో తట్టు-రుబెల్లా టీకా వేయుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననినది. నేను దానిని గౌరవింతును. అయితే నా మనసులోని మాట చెప్పుదును: పెద్దవాడు తన దేహమునకు వలదనుట వేరు, తండ్రి బిడ్డ తరఫున వలదనుట వేరు. తట్టు వచ్చిన బిడ్డ గ్రుడ్డిదైనను, ఆ నిర్ణయము చేసినది బిడ్డ కాదు. తల్లిదండ్రులు కాదనిన ఇంటికి ఒక్కమారు గాక పదిమారులు పోవలెను. బడినుండి మాత్రము ఆ బిడ్డను పంపివేయరాదు. తండ్రి మొండితనమునకు బిడ్డ చదువు పోగొట్టుట ఏ న్యాయము?

చివరగా మీ చేతిలో ఉన్న ఒక చిన్న పని. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన కొబ్బరిని పడగొట్టిన పిమ్మట బావులలో బ్లీచింగు పొడి కలిపించితిమి. ఒక ఊరిలో ఒకాయన వాసన గిట్టదని అడ్డుపడెను. ఊరిబావి విషయమున అతని మాట చెల్లదు. అది అందరి నీరు. అతని పెరటిబావి విషయమున అతని మాట చెల్లును, ఇరుగుపొరుగువారు ఆ నీరు త్రాగనంతవరకు. ఆయనకు ఒక గంట ఆగి త్రాగినచో వాసన తగ్గునని మా జీపు డ్రైవరు చెప్పెను. నేను తెచ్చిన కరపత్రములో ఆ మాట లేదు.

ఆ మూల కూర్చున్న సభ్యురాలు చాలసేపటినుండి చేయి ఎత్తియున్నారు. ముందుగా వారు అడుగుదురు గాక.